12 నగర ఫొటోలు, 4 రంగులు: ఒక కేస్ స్టడీ

పన్నెండు నగర ఫొటోలను నాలుగు రంగుల పోస్టర్లుగా మార్చబోతే, పొగమంచులో తీసిన ఒక్క ఫొటో బాగా వచ్చింది. మిగతా పదకొండూ చెడిపోయాయి. పన్నెండింటికీ నేను చేసింది మాత్రం ఒకటే: అవే ఫిల్టర్లు, అవే అంకెలు, అదే వరుస. ఈ పనిలో నాకు తెలిసొచ్చినదంతా ఆ ఒక్క ఫొటో ఎందుకు గట్టెక్కింది అన్న ప్రశ్న దగ్గరే మొదలైంది. నగరాల ఫొటోలతో ఇలాంటి పని చేసేవాళ్ళకు ఉపయోగపడుతుందని, ఎక్కడెక్కడ తప్పటడుగు వేశానో కూడా దాచకుండా, వాడిన అంకెలతో సహా రాస్తున్నాను.

అడిగింది ఏమిటి

గోడకు తగిలించుకునే ప్రింట్లు వేసే ఒక చిన్న ప్రచురణకర్త తన నగరం ఫొటోలు 12 ఇచ్చారు. ఏడు ఫొటోలు 24 మెగాపిక్సెల్ కెమెరాతో రా ఫార్మాట్‌లో (కెమెరా సవరణలు చేయకముందు రూపం) తీసినవి. అయిదు ఫోన్‌తో తీసిన 12 మెగాపిక్సెల్ జేపెగ్‌లు. పగలు, సాయంత్రం, రాత్రి, వాన, మంచు అన్నీ వాటిలో ఉన్నాయి. వీటిని నాలుగే రంగులతో వేసిన స్క్రీన్ ప్రింట్ (జల్లెడలాంటి బట్ట గుండా ఒక్కో రంగునూ విడిగా దించే అచ్చు) పోస్టర్లలా మార్చాలి. పన్నెండూ ఒకే చేతిలోంచి వచ్చినట్టు ఉండాలి. సైజు ఏ2, అంటే 420 × 594 మిల్లీమీటర్లు. గడువు మూడు వారాలు.

ఆయన ఒక్క మాట చెప్పారు: "చూస్తే ఫొటో అనిపించకూడదండీ. కానీ ఆ రోడ్డు మీద రోజూ తిరిగే మనిషి చూడగానే ఇది ఫలానా చోటు అనాలి."

ఆ మాటను కాగితం మీద రాసి మానిటర్ పక్కన అంటించుకున్నాను. ఎందుకంటే అందులో రెండు కోరికలున్నాయి, రెండూ ఒకదాన్నొకటి వెనక్కి లాగుతాయి. పోస్టర్ కావాలంటే వివరాలు తీసేయాలి. చోటు గుర్తు పట్టాలంటే వివరాలు ఉండాలి. ఏది తీయాలి, ఏది ఉంచాలి అన్నదే ఈ పని మొత్తం.

మొదటి ప్రయత్నం

మొదటి రోజు తొందరపడ్డాను. ఫొటోషాప్‌లో ఒక యాక్షన్ (చేసిన పనులను అదే వరుసలో మళ్ళీ చేసిపెట్టేది) రికార్డు చేశాను. ముందు నునుపు చేసే ఫిల్టర్, తర్వాత వెలుగు నీడలను నాలుగు మెట్లకు దించే పోస్టరైజ్ 4 లెవెల్స్, దాని మీద అంచుల గీతలు, ఆపైన హాఫ్‌టోన్ చుక్కలు (లేత, ముదురులను చూపే అచ్చు చుక్కలు), చివర బూడిద మెట్ల స్థానంలో రంగులు నింపే గ్రేడియంట్ మ్యాప్. ఒక్క సాయంత్రంలో పన్నెండూ అయిపోయాయి. స్క్రీన్ మీద చిన్న సైజులో చూస్తే ముచ్చటగా ఉన్నాయి. మర్నాడు మూడింటిని అసలు సైజులో ప్రింట్ తీయించాను. అక్కడ బండారం బయటపడింది.

దూరంగా ఉన్న భవనాల కిటికీలు చీమల బారుల్లా కనిపించాయి. ముందు నడుస్తున్న మనిషి మాత్రం వెనకున్న గోడలో కలిసిపోయాడు. కరెంటు తీగలు భవనాలకంటే బలంగా నిలబడ్డాయి. నాలుగు రోడ్ల కూడలి ఒకటుంది. ఆ ప్రచురణకర్త ఆఫీసు ఆ పక్కనే. ఆ ప్రింట్ చూపిస్తే ఆయనకు అది ఎక్కడో తెలియడానికి కొన్ని క్షణాలు పట్టింది. తన ఆఫీసు పక్క కూడలినే ఆయన వెంటనే గుర్తుపట్టలేకపోయారంటే మొదటికే మోసం వచ్చినట్టు. "అన్నింటికీ ఒకే ఫిల్టర్ వేసినట్టుంది" అన్నారు. నిజమే, నేను చేసింది అదే.

పన్నెండు ఫొటోలనూ చిన్నవి చేసి ఒకే పేజీ మీద పేర్చి, కళ్ళు సగం మూసి చూశాను. అప్పుడు పొగమంచు ఫొటో ఒక్కటే విడిగా నిలబడింది. అందులో ఒక వంతెన, దాని మీద సైకిల్ తొక్కుతున్న మనిషి, వెనక రెండు వరుసల భవనాలు. మనిషి నల్లగా ఉన్నాడు. మొదటి వరుస భవనాలు ముదురు బూడిద, వెనక వరుస లేత బూడిద. ఆకాశం తెలుపు. ఏది ముందు, ఏది వెనక అన్న లెక్క మంచే చూసుకుంది. ఫిల్టర్ చేతికి వెళ్ళేసరికే ఆ ఫొటో నాలుగు పొరలుగా విడిపోయి ఉంది.

మిగతా వాటికి ఆ సదుపాయం లేదు. మనిషి ముఖం ఫొటోలో కళ్ళు, ముక్కు, పెదవులు తప్ప మిగతాదంతా నునుపుగా ఉంటుంది. అంచులు వెతికే ఫిల్టర్‌కు అక్కడ పని తేలిక. ఎక్కడ తేడా ఎక్కువగా ఉందో అక్కడే ముఖ్యమైన విషయమూ ఉంటుంది. నగరం ఫొటోలో అలా ఉండదు. వంద మీటర్ల దూరంలోని కిటికీ చట్రానికీ, గాజుకూ మధ్య తేడా చాలా ఎక్కువ. పక్కనే ఉన్న మనిషి చొక్కాకూ, వెనక గోడకూ మధ్య తేడా తక్కువ. ఫిల్టర్‌కు దూరం తెలియదు, పక్క పక్క పిక్సెళ్ళ తేడా ఒక్కటే తెలుసు. అందుకే దూరపు కిటికీకి గీత గీసి, దగ్గరి మనిషిని వదిలేసింది. ముఖ్యమైనవి వెనక్కి పోయి, అక్కర్లేనివి ముందుకొచ్చాయి.

కాబట్టి ఏ ఫిల్టరూ వేయకముందే దూరాన్ని నేనే నిర్ణయించి ఇవ్వాలి. మంచు చేసిన పని చేత్తో చేయాలి.

నాలుగు పొరలు

ప్రతి ఫొటోనూ ఆకాశం, దూరం, మధ్య, దగ్గర అని నాలుగు మాస్కులుగా (ఎంచుకున్న భాగం మీదే పని జరిగేలా చేసే పొరలు) విడదీశాను. మూడు వారాల్లో సగం సమయం దీనికే పోయింది. వినడానికి విసుగు పుట్టించే పని, కానీ ఈ కేస్‌లో దీన్ని మించిన భాగం లేదు.

ముందు ఆటోమేటిక్‌గా దూరం అంచనా వేసే టూల్స్ ప్రయత్నించాను. ఒక్క ఫొటో నుంచి దూరాల పటం తయారు చేసే మెషీన్ లెర్నింగ్ పద్ధతులు ఇప్పుడు సులభంగానే దొరుకుతున్నాయి. దగ్గరివి తెల్లగా, దూరమైనవి నల్లగా ఒక బూడిదరంగు బొమ్మ ఇస్తాయి. ఏ భవనం ఏ పొరలోకి పోవాలో తేల్చుకోవడానికి అది బాగా పనికొచ్చింది. అంచుల దగ్గర మాత్రం చేతులెత్తేసింది. భవనం అంచు చుట్టూ మసక, తీగల చుట్టూ గజిబిజి. పోస్టర్‌లో అంచు కత్తితో కోసినట్టు ఉండాలి. అందుకే ఆ పటాన్ని కింద పెట్టుకుని, పైన పాలిగోనల్ లాసోతో (క్లిక్ చేస్తూ సరళరేఖలతో భాగాన్ని ఎంచుకునే టూల్) నేనే అంచులు కోశాను. భవనాలకు సరళరేఖలే కాబట్టి ఇది అనుకున్నంత కష్టం కాదు. ఒక్కో భవనానికి పది పన్నెండు క్లిక్కులు చాలు.

కష్టమంతా చెట్లతో. ఆకుల మధ్య నుంచి ఆకాశం కనిపించే చోట లాసో పనికిరాదు. అక్కడ బ్లూ చానెల్, అంటే ఫొటోలోని నీలం వెలుగును మాత్రమే చూపే పొర, ఆదుకుంది. పగటి ఆకాశం నీలం చానెల్‌లో దాదాపు తెల్లగా, ఆకులు దాదాపు నల్లగా ఉంటాయి. ఆ చానెల్‌ను కాపీ చేసి, వెలుగు నీడల తేడా పెంచే లెవెల్స్‌తో ఇంకా బిగించి, దాన్నే మాస్కుగా వాడాను.

మాస్కుల కంటే ముందే చేయాల్సిన పని ఒకటుంది, నిలువు గీతలు సరిచేయడం. కెమెరా పైకెత్తి తీస్తే భవనాలు పైన దగ్గరికి వాలినట్టు వస్తాయి. ఫొటోలో కన్ను దీన్ని పెద్దగా పట్టించుకోదు. పోస్టర్‌లో గీతలు బలపడతాయి కాబట్టి ఆ వాలు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పూర్తిగా నిటారు చేస్తే భవనం తల పెద్దదైనట్టు ఉంటుంది. కాబట్టి కొంచెం వాలు వదిలేశాను.

ఇక నునుపు చేయడం. దీనికి కువహారా ఫిల్టర్ వాడాను. 1976లో గుండె స్కాన్ బొమ్మల్లోని గరుకుదనం తగ్గించడానికి వచ్చిన పద్ధతి ఇది. ప్రతి పిక్సెల్ చుట్టూ నాలుగు చదరాలు తీసుకుని, వాటిలో ఏది ఎక్కువ నిలకడగా ఉందో చూసి, దాని సగటు విలువను ఆ పిక్సెల్‌కు ఇస్తుంది. మామూలు బ్లర్ అంచునూ కరిగించేస్తుంది. ఇది అలా కాదు, అంచుకు రెండు వైపులా ఉన్నదాన్ని కలిపేయకుండా ఎవరి వైపు వాళ్ళను ఉంచుతుంది. అందుకే కుంచెతో పూసినట్టు వస్తుంది. గింప్, క్రిటా అనే ఉచిత సాఫ్ట్‌వేర్లు వాడేవాళ్ళకు జీమిక్ ప్లగిన్‌లో దొరుకుతుంది. ఫొటోషాప్‌లో సర్ఫేస్ బ్లర్ దీనికి దగ్గరగా ఉంటుంది.

మొదటిసారి అన్ని చోట్లా ఒకే రేడియస్ (ఫిల్టర్ చుట్టూ ఎంత దూరం చూడాలన్న కొలత) ఇచ్చాను. ఈసారి పొరను బట్టి మార్చాను. ఏ2కు 300 పీపీఐ (అంగుళానికి పిక్సెళ్ళు) దగ్గర 7016 × 4961 పిక్సెళ్ళ బొమ్మ మీద, దూరపు పొరకు 24 పిక్సెళ్ళు, మధ్య పొరకు 12, దగ్గరి పొరకు 6. దూరపు భవనాల కిటికీలు పూర్తిగా కరిగిపోయి, భవనం ఒక చదునైన ముక్కగా మిగిలింది. మధ్యలో కిటికీల వరుస తెలుస్తుంది, ఒక్కో కిటికీ తెలియదు. దగ్గరిదానికి బాల్కనీ కటకటాలు కూడా ఉన్నాయి. టోన్ల (వెలుగు మెట్ల) సంఖ్య కూడా ఇదే వరుసలో పెట్టాను: ఆకాశానికి ఒకటి, దూరానికి రెండు, మధ్యకు మూడు, దగ్గరికి నాలుగు.

కూడలి ఫొటోను మళ్ళీ చేసి చూపిస్తే ఆయన ఈసారి తడుముకోలేదు. నిజానికి వివరాలు మొదటిసారి కంటే ఈసారి తక్కువ. కానీ ఆ కూడలిని కూడలిగా గుర్తుపట్టించేవి మూల భవనం గుండ్రటి అంచు, దాని పక్క గడియార స్తంభం, రోడ్డు ఎడమకు తిరిగే వంపు. ఆ మూడూ దగ్గరి పొరలో స్పష్టంగా నిలబడ్డాయి. దాంతో ప్రతి ఫొటోకూ మొదట ఇలాంటి గుర్తులు మూడు రాసుకోవడం అలవాటు చేసుకున్నాను. ఆ మూడూ దగ్గరి పొరలోకి రాకపోతే, నిజం దూరం ఎంతయినా సరే, ఆ ముక్కను తీసుకొచ్చి దగ్గరి పొరలో కలిపేశాను. నది ఫొటోలో దూరంగా ఉన్న గోపురం అలాగే ముందుకు వచ్చింది.

బూడిదరంగు దగ్గర మోసం

నాలుగు టోన్లకు దించాలంటే ముందు రంగు తీసేసి వెలుగు నీడలు మాత్రమే ఉంచాలి. ఇక్కడ చాలామంది ఒక బటన్ నొక్కి వదిలేస్తారు. నేనూ అదే చేశాను, రాత్రి ఫొటోలో ఎర్ర సిగ్నల్ లైటు మాయమైంది.

కారణం తేలికైనదే. రంగును బూడిదగా మార్చే మామూలు లెక్కలో ఆకుపచ్చకు సుమారు 72 శాతం, ఎరుపుకు 21 శాతం, నీలానికి 7 శాతం బరువు ఉంటుంది. మన కంటికి ఆయా రంగులు ఎంత వెలుగుగా కనిపిస్తాయో దాన్ని బట్టి పెట్టిన బరువులివి. స్వచ్ఛమైన ఎరుపు ఆ లెక్కలో ముదురు బూడిద అవుతుంది. ఫొటోలో ఆ లైటు వెలుగుతున్నట్టు అనిపించేది రంగు వల్ల. రంగు తీసేస్తే అది పక్కనున్న చీకటి స్తంభంతో సమానం.

బ్లాక్ అండ్ వైట్ అడ్జస్ట్‌మెంట్ లేయర్‌లో ఎరుపు స్లైడర్ పెంచితే సిగ్నల్ వెలిగింది. సాయంత్రం ఫొటోలకు నీలం తగ్గించి, పసుపు పెంచాను. దాంతో ఆకాశం కిందికి, కిటికీల్లోని దీపాలు పైకి వెళ్ళి విడిపోయాయి. ఒకే ఫొటోలో దగ్గరి పొరకు ఒక సెట్టింగ్, దూరపు పొరకు ఇంకో సెట్టింగ్ పెట్టిన సందర్భాలూ ఉన్నాయి. మాస్కులు అప్పటికే ఉన్నాయి కాబట్టి అదేమీ భారం కాలేదు.

పోస్టరైజ్ కమాండ్‌ను పూర్తిగా వదిలేశాను. అది ప్రతి చానెల్‌నూ సమాన భాగాలుగా కోస్తుంది. రాత్రి ఫొటోలో వెలుగు విలువలన్నీ ఒక మూలకు చేరి ఉంటాయి కాబట్టి సమానంగా కోస్తే నాలుగింట రెండు టోన్లు దాదాపు ఖాళీగా మిగులుతాయి. దాని బదులు ఒక హద్దు కంటే చీకటిని నలుపుగా, వెలుగును తెలుపుగా కోసే మూడు థ్రెషోల్డ్ లేయర్లు పెట్టి, ఒక్కోదాన్ని కంటితో చూస్తూ జరిపాను. పగటి ఫొటోల్లో నలుపు బొమ్మలో ఆరో వంతు మించితే బరువెక్కినట్టు అనిపించింది. ఇది నా కంటి లెక్క మాత్రమే, సూత్రం కాదు.

థ్రెషోల్డ్ అంచు రంపపు పళ్ళలా వస్తుంది. దానికి ముందు 2 లేదా 3 పిక్సెళ్ళ బ్లర్ ఇచ్చి, తర్వాత లెవెల్స్‌ను బిగిస్తే అంచు నున్నగా వస్తుంది. అయితే భవనం మూలలు కూడా సబ్బు అరిగినట్టు గుండ్రంగా అవుతాయి. భవనాల అంచులకు లాసో మాస్కునే వాడి, ఈ చిట్కాను నీడలకు, చెట్లకు, మనుషులకు మాత్రమే పరిమితం చేశాను.

గీతలు, ఫోన్ ఫొటోల గొడవ

గీతల కోసం పాత పద్ధతే: ఒకే బొమ్మకు రెండు కాపీలు తీసి, ఒకదాన్ని కొంచెం, రెండోదాన్ని ఇంకొంచెం బ్లర్ చేసి, ఒకదాన్నుంచి ఇంకోదాన్ని తీసేయడం. మిగిలేదే అంచు. గింప్‌లో ఇది డిఫరెన్స్ ఆఫ్ గాసియన్స్ పేరుతో నేరుగా ఉంది. రెండు బ్లర్‌ల మధ్య నిష్పత్తి 1.6 దగ్గర ఉంటే గీత శుభ్రంగా వస్తుంది. డేవిడ్ మార్, ఎలెన్ హిల్డ్రెత్ 1980లో అంచుల గురించి రాసిన పరిశోధనలో సూచించిన నిష్పత్తి అది. నేను దగ్గరి పొరకు 3, 4.8 పిక్సెళ్ళు వాడాను. మధ్య పొరకు సన్నని గీత, దూరపు పొరకు అసలు గీత లేదు.

కెమెరా ఫొటోలకు ఇది చక్కగా కుదిరింది. ఫోన్ ఫొటోలకు ప్రతి అంచుకూ రెండేసి గీతలు వచ్చాయి. చాలాసేపు నా సెట్టింగుల్లోనే తప్పు వెతికాను. చివరికి ఒరిజినల్‌ను 300 శాతం పెద్దది చేసి చూస్తే విషయం తెలిసింది. ఫోన్ తనంతట తానే షార్ప్‌నింగ్ వేసింది. ప్రతి అంచు పక్కనా ఒక సన్నని తెల్ల చార ఉంది. ఫిల్టర్ ఆ చారను కూడా ఇంకో అంచు అనుకుంది.

విరుగుడు నేను ఊహించని దిక్కు నుంచి వచ్చింది. ఫోన్ ఫొటోలను సగానికి చిన్నవి చేశాను, 4000 పిక్సెళ్ళ వెడల్పును 2000కు. ఆ చారలు చాలామటుకు కరిగిపోయాయి. నునుపు చేయడం, టోన్లు, గీతలు అన్నీ ఆ చిన్న సైజులోనే, రేడియస్‌లను ఆ సైజుకు తగ్గట్టు తగ్గించి చేశాను. తర్వాత ఒక్కో టోన్‌ను ఇంక్‌స్కేప్ సాఫ్ట్‌వేర్‌లో ట్రేస్ బిట్‌మ్యాప్‌తో వెక్టర్‌గా, అంటే పిక్సెళ్ళు కాక గీతల లెక్కలుగా, మార్చి ఏ2కు పెంచాను. వెక్టర్‌కు పిక్సెళ్ళ బాధ లేదు కాబట్టి అంచు ఎంత పెంచినా పదునుగానే ఉంటుంది. ఫోన్ ఫొటోను నేరుగా ఏ2కు వేస్తే అంగుళానికి సుమారు 170 పిక్సెళ్ళే వస్తాయని మొదట టెన్షన్ పడ్డాను. వివరాలు తీసేసే పనికి వివరాలు తక్కువున్న ఫొటో అడ్డం కాదని అప్పుడర్థమైంది. ఆ అయిదు ప్రింట్లనూ కెమెరావాటి పక్కన పెట్టి చూస్తే నాకే తేడా తెలియలేదు.

చుక్కలు

హాఫ్‌టోన్ చుక్కలు లేకుండా స్క్రీన్ ప్రింట్ రూపు రాదు. నగరం ఫొటోల్లో చుక్కలు పెట్టడం మాత్రం నిప్పుతో చెలగాటం. కిటికీల వరుసలు కూడా ఒక వలే. చుక్కల వల దాని మీద పడితే రెండూ కలిసి మోయిరే అనే అలల నమూనా పుడుతుంది. పైగా భవనం దూరం పోతున్న కొద్దీ కిటికీల మధ్య ఎడం తగ్గుతూ పోతుంది. ఎక్కడో ఒకచోట ఆ ఎడం చుక్కల ఎడంతో సరిపోలుతుంది. సరిగ్గా అక్కడ గోడ మీద లేని చారలు లేస్తాయి. మొదటి ప్రింట్లలో నేను చూసిన చీమల బారుల్లో సగం ఇవే.

దీనికి మూడు పనులు చేశాను. చుక్కలను కిటికీలు లేని చోట్లకే, అంటే ఆకాశానికి, రోడ్డుకు, పెద్ద నీడలకు మాత్రమే పరిమితం చేశాను. చుక్కల వలను 45 డిగ్రీలకు తిప్పాను. భవనాల గీతలు నిలువు, అడ్డం కాబట్టి వాటికి అది అన్నింటికంటే దూరపు కోణం. అచ్చు పనిలో నలుపును 45 డిగ్రీలకు పెట్టడం పాత ఆచారమే. ఆ కోణంలో ఉన్న నమూనాను కన్ను తక్కువగా పట్టుకుంటుంది. మూడోది, చుక్కల ఎడాన్ని పిక్సెళ్ళలో కాకుండా మిల్లీమీటర్లలో నిర్ణయించుకున్నాను. గోడ మీది ప్రింట్‌ను రెండు మీటర్ల నుంచి చూస్తారని అనుకుని 1.5 మిల్లీమీటర్లు పెట్టాను. 300 పీపీఐ దగ్గర అది సుమారు 18 పిక్సెళ్ళు. చుక్కలు ఎప్పుడూ చివరి సైజులోనే వేయాలి. ముందే వేసి తర్వాత సైజు మారిస్తే చుక్క అంచులు మసకబారతాయి.

ఆ జాగ్రత్త అంతా తీసుకున్నాక కూడా ఒక దెబ్బ తగిలింది. ప్రింట్ వేసినచోట పేజీకి సరిపోయేలా కుదించే ఆప్షన్ ఆన్ చేసి ఉంచారు. బొమ్మ 97 శాతానికి కుదించుకుపోయి, చుక్కలు మెత్తబడి, ఆకాశం నిండా సన్నని గళ్ళు వచ్చాయి. మూడు కాగితాలు వృథా అయ్యాయి. అప్పటి నుంచి ప్రతి ఫైలు మూలలో సరిగ్గా 100 మిల్లీమీటర్ల గీత ఒకటి పెడుతున్నాను. ప్రింట్ రాగానే స్కేలు పెట్టి కొలిస్తే అసలు సంగతి ఒక్క నిమిషంలో తేలిపోతుంది. అలాగే క్లయింట్‌కు ప్రివ్యూ పంపేటప్పుడు పెద్ద ఫైలును ఊరికే కుదించి పంపకండి. స్క్రీన్ మీద కూడా అదే మోయిరే వస్తుంది, వాళ్ళు అది ప్రింట్‌లో ఉందనుకుంటారు. ప్రివ్యూ కోసం చుక్కలను ఆ సైజులో కొత్తగా వేసి ఇవ్వాలి.

రంగుల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. పన్నెండింటికీ ముదురు రంగు ఒకటే, దాదాపు నలుపనిపించే నీలం. లేత రంగూ ఒకటే, మీగడ తెలుపు. మధ్య రెండు రంగులు మాత్రం వేళను బట్టి మార్చాను. సిరీస్‌ను కలిపి ఉంచడానికి ఆ రెండు చివరలే చాలు. చేత్తో అచ్చువేసినప్పుడు ఒక రంగు కాస్త పక్కకు జరిగినట్టు రావాలని, మధ్య రంగుల్లో ఒకదాన్ని కింది రంగుతో కలిసి ముదురయ్యే మల్టిప్లై మోడ్‌లో పెట్టి 6 పిక్సెళ్ళు, అంటే అర మిల్లీమీటరు జరిపాను. రెండు రంగులు జరిపి చూస్తే కళ్ళు లాగాయి.

మనుషులు, బోర్డులు

నాలుగు టోన్లకు దిగేసరికి ముఖాలు, బండ్ల నంబర్లు వాటంతటవే పోతాయి. దారిన పోయేవాళ్ళ గోప్యతకు అది మంచిదే. మిగిలేది నిలబడ్డ తీరు. రెండు కాళ్ళ మధ్య వెలుతురు కనిపించేలా అడుగు వేస్తున్న మనిషి చిన్న నల్ల మచ్చగా మారినా మనిషిలాగే కనిపిస్తాడు. కాళ్ళు కలిపి నిలబడ్డవాడు స్తంభమైపోతాడు. అందుకే ఒకే చోట తీసిన నాలుగైదు ఫ్రేముల్లో అడుగు విప్పి నడుస్తున్నవాళ్ళున్న ఫ్రేమును ఎంచుకున్నాను.

ఒక ఫొటో లాంగ్ ఎక్స్‌పోజర్‌తో తీసింది, వీధి మొత్తం ఖాళీ. 1838లో ఫొటోగ్రఫీ ఆద్యుల్లో ఒకరైన డగెర్ పారిస్‌లో తీసిన వీధి ఫొటో గుర్తొచ్చింది. నిమిషాల తరబడి ఎక్స్‌పోజ్ కావడంతో కదిలే జనం, బండ్లు అన్నీ మాయమై, బూట్లు పాలిష్ చేయించుకుంటూ కదలకుండా నిలబడ్డ ఒక మనిషి మాత్రం దొరికాడు. ఆ ఒక్క మనిషి వల్లే ఆ వీధి ఎంత పెద్దదో మనకు తెలుస్తుంది. నా ఫొటోలో అలాంటివాడూ లేడు. పోస్టర్‌గా మార్చాక ఆ వీధి బొమ్మరిల్లు సెట్టింగులా అనిపించింది. ప్రచురణకర్తను అడిగి అదే చోట తీసిన మామూలు ఫొటో తెప్పించుకుని వాడాను.

దుకాణాల బోర్డులు ఇంకో తలనొప్పి. సగం కరిగిన అక్షరాలు ఏ భాషకూ చెందని గీతలైపోతాయి. చదవలేకపోతున్నామే అన్న యావతో కన్ను అక్కడే ఇరుక్కుంటుంది. రెండే దారులు: అక్షరాలను మళ్ళీ శుభ్రంగా గీయడం, లేదంటే పూర్తిగా తీసేసి బోర్డును రంగు ముక్కగా వదిలేయడం. ఒక్క రైల్వే స్టేషన్ పేరు మాత్రం గీశాను, అది మూడు గుర్తుల్లో ఒకటి. మిగతావన్నీ ఖాళీ బోర్డులే.

ఏఐతో చేయించవచ్చు కదా అని మధ్యలో ఆయన అడిగారు. న్యాయమైన ప్రశ్న, ప్రయత్నించాను. 2015లో గాటిస్, ఎకర్, బెథ్గే ప్రతిపాదించిన స్టైల్ ట్రాన్స్‌ఫర్ పద్ధతిలో ఒక బొమ్మలోని కుంచె తీరును ఇంకో బొమ్మకు అద్దవచ్చు. అది ఆ తీరును బొమ్మంతా పరిచేస్తుంది. ఖాళీగా ఉండాల్సిన ఆకాశం నిండా కుంచె గీతలు, నిటారుగా ఉండాల్సిన గోడలకు వంకరలు. బొమ్మలు పుట్టించే కొత్త టూల్స్ అందంగా ఇచ్చాయి, కానీ మూల భవనానికి లేని అంతస్తు ఒకటి పెరిగింది, గడియార స్తంభం పక్కకు పోయింది. రోజూ అక్కడ తిరిగే మనిషి ఒప్పుకోడు. మానిటర్ పక్కన అంటించిన మాట చూసి దాన్ని పక్కన పెట్టాను.

వాన ఫొటో

పదకొండు అయ్యాయి. పన్నెండోది వాన కురిసిన రాత్రి తీసింది. తడి రోడ్డు మీద దీపాల వెలుగులు కిందిదాకా సాగి ఉన్నాయి. ఇచ్చిన వాటిలో ఫొటోగా అన్నింటికంటే అందమైనది ఇదే. నా పద్ధతి దీని దగ్గర రెండుసార్లు ఓడిపోయింది.

మొదటిసారి రోడ్డును దగ్గరి పొరలో పెట్టి నాలుగు టోన్లు, గీతలు ఇచ్చాను. ప్రతి వెలుగు మచ్చ చుట్టూ గీత వచ్చి, రోడ్డు మీద చెత్త పడేసినట్టయింది. రెండోసారి దూరపు పొర సెట్టింగులు ఇచ్చాను. రోడ్డు శుభ్రపడింది కానీ వాన పోయింది, పొడి రోడ్డులా ఉంది.

తడి నేల మీద రెండు దూరాలు ఒకే చోట ఉంటాయి. రోడ్డు మన కాళ్ళ దగ్గరుంది, అందులో కనిపించేది వీధి చివరి దీపం. ఆకాశం, దూరం, మధ్య, దగ్గర అనే నా నాలుగు గదుల్లో అది ఏ గదికీ చెందదు. కాబట్టి దానికి అయిదో పొర చేశాను. అందులో గీతలు లేవు, చుక్కలు లేవు. టోన్లు రెండే. మోషన్ బ్లర్‌ను 90 డిగ్రీల కోణంలో, 120 పిక్సెళ్ళ పొడవున ఇచ్చి వెలుగులన్నింటినీ నిలువు పట్టీలుగా సాగదీశాను. తర్వాత థ్రెషోల్డ్. ప్రతి పట్టీ దాని పైనున్న దీపం కిందికే సూటిగా వచ్చిందో లేదో ఒక్కొక్కటీ చూసి సరిచేశాను. అది తప్పితే నీళ్ళ భ్రమ నిలవదు. చివరగా కొన్ని పట్టీలను అడ్డంగా రెండు మూడు చోట్ల సన్నగా కోశాను, రోడ్డు గతుకుల దగ్గర వెలుగు విరిగినట్టు. దీనికి మూడు రోజులు పట్టింది. గడువుకు ఒక రోజు ముందు ప్రింట్ చేతికొచ్చింది. మూలలోని గీత కొలిస్తే సరిగ్గా 100 మిల్లీమీటర్లు ఉంది.

ఇప్పుడు కొత్త ఫొటోలు రాగానే మూడు గుర్తులు రాసుకోవడంతో పాటు నేల తడిగా ఉందా, గాజు గోడలున్నాయా, నీళ్ళున్నాయా అని కూడా చూస్తున్నాను. ఉంటే ఆ ఒక్క ఫొటోకు అదనంగా రెండు రోజులు అడుగుతాను. అద్దాల భవనాలకు ఈ అయిదో పొర ఎంతవరకు సరిపోతుందో చూడడానికి రెండు ఫొటోలు పక్కన పెట్టుకున్నాను. అక్కడ ప్రతిబింబాలు కిందికి సాగవు, ఎదుటి భవనం మొత్తం గళ్ళు గళ్ళుగా వంకర్లు తిరిగి కనిపిస్తుంది. నిలువు పట్టీల చిట్కా దానికి పనిచేయడం లేదు. ఒక్కో గాజు పలకను ఒక్కో టోన్‌గా నింపి చూస్తున్నాను.